వెలుగునీడల లెక్కలో అవధానము



ఈ స్మారకోపన్యాసవేదిక శ్రీ అక్కినేని లక్ష్మీవరప్రసాద్ గారి స్మృతికి అంకితమైనది. 1908 జనవరి 17వ తేదీన ఏలూరు సమీపమున సోమవరప్పాడులో రైతు కుటుంబమున జన్మించి, యౌవనమున బొంబాయి చేరి, సినిమా కంపెనీలలో చిల్లర పనులు చేయుచు, 1931లో ‘ఆలం ఆరా’లోను ‘కాళిదాస్’లోను, 1932లో ‘భక్తప్రహ్లాద’లోను చిన్న వేషములు ధరించి, హిందీ తమిళ తెలుగు భాషల తొలి టాకీలు మూడింటను కనబడినవానిగా చరిత్రకెక్కి, పిమ్మట ‘మనదేశం’, ‘షావుకారు’, ‘పెళ్ళిచేసి చూడు’, ‘మిస్సమ్మ’ వంటి చిత్రములకు దర్శకత్వము వహించి, 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొంది, 1994 జూన్ 22న కీర్తిశేషులైన ఆ మహనీయుని జీవితము మీకు తెలియనిది కాదు. మదరాసులో ఆయన నెలకొల్పిన స్టూడియోను, ఫిల్ము లేబొరేటరీని సినిమావారు స్మరింతురు. హైదరాబాదు నగరవాసులలో పెక్కుమంది మాత్రము ఆయన పేరును కంటి ఆసుపత్రి బోర్డుపై చదివి యెరుగుదురు. అమెరికానుండి తిరిగివచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు గొప్ప నేత్రవైద్యసంస్థనొకదానిని స్థాపింప సంకల్పించినపుడు, ప్రసాద్ గారును వారి కుమారులు రమేష్ ప్రసాద్ గారును ఐదెకరముల స్థలమును, కోటి రూపాయల ధనమును సమర్పించిరి. 1987లో ఆరంభమైన ఆ సంస్థ నేడు ఎట్టి వృక్షమైనదో ఈ సభలోని నేత్రవైద్యులు నాకంటె బాగుగా చెప్పగలరు.

సినిమాకును కంటికిని నడుమ వారధియైన ఈ మహనీయుని పేర మాటాడవలసి వచ్చినపుడు, ఆ రెండింటికిని ఉమ్మడియైన విషయమునే ఎన్నుకొనుట ఉచితమని నాకు తోచినది. నలుపు తెలుపుల కాలములో దర్శకుడు, ఛాయాగ్రాహకుడు కలిసి ప్రేక్షకుని మనస్సును ఎచ్చటికి నడిపింపదలతురో అచ్చట వెలుగునీడల భేదమును, అనగా వారి పరిభాషలో కాంట్రాస్టును, హెచ్చించుచుండిరి. ‘మిస్సమ్మ’కు ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్‌లే తీర్చిన వెన్నెల సన్నివేశములను మరల చూడుడు: చీకటి కొలదిగా పరచి, ముఖముపై మాత్రము వెలుగంచును నిలిపి, మనలను ఆ ముఖమును చూచునట్లు చేసినాడు. కాంట్రాస్టు హెచ్చినచోటికి అవధానము పోవును, ఇది అనుభవసిద్ధము. దీనికి విపర్యయము కూడ నిజమా? కన్ను కదల్పక మనస్సును మాత్రమే ఒక చోట నిలిపినంతనే, అచ్చటి వస్తువు యొక్క కాంట్రాస్టు హెచ్చినట్లుగా మెదడులోని కణములు ప్రవర్తించునా? ప్రవర్తించినచో ఆ హెచ్చు ఎంత, అది ఎచ్చటినుండి వచ్చును, దానివలన మనకు కలుగు లాభమునకు హద్దెచ్చట? ఇదియే నేటి ప్రస్తావము.

అవధానమన్నంతనే అష్టావధాన శతావధానములను తలచుకొను సాహిత్యప్రియులకు ఒక మనవి: ఆ విద్యలో ధారణకు ప్రధానస్థానము కలదు, నేను చెప్పబోవునది దానికి చాల క్రిందిమెట్టున, చూపు మెదడును చేరిన సెకండులో కొద్ది భాగములోనే జరిగిపోవు వ్యాపారము.

1

మొదట కాంట్రాస్టు స్వరూపమును స్థిరపరచుకొందము. వెలుగు ఎంత అనునది ఒక ప్రశ్న. వెలుగుకును ప్రక్కనున్న నీడకును భేదమెంత అనునది వేరొక ప్రశ్న. భౌతికశాస్త్రజ్ఞుడైన మైకెల్సన్ పేర ప్రచారములోనున్న కొలత ప్రకారము, హెచ్చు వెలుగులోనుండి తక్కువ వెలుగును తీసివేసి, ఆ శేషమును రెండింటి మొత్తముచే భాగింపగా వచ్చునదియే కాంట్రాస్టు.

సాయంసంధ్య దాటిన పిమ్మట రాయదుర్గము మెట్రో స్టేషను క్రింద నల్లచొక్కా తొడిగి రోడ్డు దాటుచున్న ఒక మనుష్యుని ఊహింపుడు. చొక్కానుండి మన కంటికి వచ్చు వెలుగు రెండు పాళ్ళు, వెనుకనున్న రోడ్డునుండి వచ్చునది ఆరు పాళ్ళు అనుకొందము. భేదము నాలుగు, మొత్తము ఎనిమిది; కాంట్రాస్టు 50 శాతము. ఇంతలో ఎదురుగా ఒక కారు హైబీము వేసికొని వచ్చెను. ఆ వెలుగు మన కంటి కటకములో చెదిరి, రెటీనాపై పలుచగా పరచుకొని, చొక్కాకును రోడ్డుకును సమానముగా ఎనిమిదేసి పాళ్ళు కలిపినదనుకొందము. ఇప్పుడు చొక్కా పది, రోడ్డు పదునాలుగు. భేదము మునుపటి నాలుగే, మొత్తము మాత్రము ఇరువదినాలుగు. కాంట్రాస్టు 17 శాతమునకు దిగజారినది. కంటిలోనికి వచ్చు వెలుగు మూడింతలైనది, మనుష్యుడు కనబడుట మూడవ వంతైనది! కంటిలో శుక్లము ముదురుచున్నవారికి ఈ చెదరుట ఇంకను అధికము. ఈ లెక్కను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ఉపన్యాసము తుదకు దీనితో నాకు పని యున్నది.

కన్ను మెదడునకు పంపు వార్త కూడ భేదమును గూర్చినదే. 1953లో స్టీఫెన్ కఫ్లర్ పిల్లి రెటీనాలోని కణములను పరీక్షించి, ఒక్కొక్క కణమునకు ఒక చిన్న గ్రాహ్యక్షేత్రమున్నదనియు, దాని నడుమ పడిన వెలుగు కణమును ప్రేరేపించుచుండగా చుట్టుప్రక్కల పడిన వెలుగు దానిని అణచుననియు, మరికొన్ని కణములలో ఇది తారుమారుగా నుండుననియు చూపెను. వెలుగు నడుమను చుట్టును సమముగా పరచుకొన్నచో ప్రేరణయు అణచివేతయు చాలవరకు చెల్లిపోవును. భేదమున్నచోటనే కణము గట్టిగా పలుకును. మధ్యాహ్నపు టెండలోను, వీధిదీపపు వెలుగులోను పత్రికలోని అక్షరము మనకు నల్లగానే కనబడుటకు ఇది ముఖ్యకారణములలో నొకటి.

2

ఇక కాంట్రాస్టును క్రమముగా పెంచుకొనుచు పోయిన, మెదడులోని కణము ఎట్లు పలుకును? ఆ కణముల భాషను మొదట విన్నవారు డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్. 1958లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున, పిల్లి మెదడు వెనుకభాగమునందలి ప్రథమ దృష్టిక్షేత్రములో, అనగా వి-1లో, సన్నని ఎలక్ట్రోడు నిలిపి, గాజుపలకపై నల్లచుక్కను అతికించి చూపుచుండగా కణము ఎంతసేపటికిని సరిగా పలుకదయ్యెను. తుదకు గాజుపలకను మార్చుచున్న క్షణమున, ఆ పలక అంచు నీడ తెరపై సన్నని గీతగా జరిగినంతనే, కణము మరతుపాకివలె చిటపటలాడెనట. ఆ కణమునకు కావలసినది చుక్క కాదు, ఒక నిర్ణీత దిశలో వాలిన అంచు. 1981 నోబెల్ బహుమానములో వారిరువురును భాగస్వాములైరి.

అట్టి కణమునకు ఇష్టమైన దిశలోనే గీతలను చూపుచు, కాంట్రాస్టును మాత్రము సున్నానుండి నూటివరకు పెంచిన, సెకండునకు వెలువడు స్పైకుల, అనగా క్షణిక విద్యుత్ స్పందనల, సంఖ్య నేరుగా నిచ్చెనవలె ఎక్కదు. అల్పకాంట్రాస్టున నిద్రించుచున్నట్లుండి, పిమ్మట నిటారుగా లేచి, అంతట వాలి, పైకప్పు తగిలినట్లు నిలిచిపోవును. 1966లో నాకా, రష్టన్ అను శాస్త్రజ్ఞులు చేప రెటీనాపై పనిచేయుచు ఈ ఆకృతికి ఒక సూత్రమును వ్రాసిరి. 1982లో ఆల్‌బ్రెక్ట్, హామిల్టన్ పిల్లి కోతుల దృష్టిక్షేత్రమునకును అదే సూత్రము బాగుగా సరిపడునని చూపిరి. సూత్రమును మాటలలో చెప్పెదను: కాంట్రాస్టు యొక్క ఘాతమును తీసికొని, దానిని అదే ఘాతమునకు ఒక స్థిరాంకమును కలుపగా వచ్చిన మొత్తముచే భాగించి, కణము పలుకగల గరిష్ఠసంఖ్యచే హెచ్చించవలెను.

సౌలభ్యమునకై నేనే ఒక కణమును కల్పించుకొందును. దాని గరిష్ఠము సెకండునకు 60 స్పైకులు, 20 శాతపు కాంట్రాస్టున అందులో సగము పలుకును, ఘాతము రెండు. అప్పుడు 10 శాతమున 12, 20 శాతమున 30, 40 శాతమున 48, 80 శాతమున 56 పైచిలుకు వచ్చును. పదినుండి నలువదికి పోవునప్పుడు ముప్పదియారు స్పైకులు లభించినవి. నలువదినుండి ఎనుబదికి పోవునప్పుడు ఎనిమిదియే లభించినవి. నిటారు భాగములో కొంచెము కాంట్రాస్టు గొప్ప నిధి. పైకప్పు దగ్గర ఎంత కాంట్రాస్టైనను వృథావ్యయము.

ఫిల్ము లేబొరేటరీలలో పనిచేసినవారు ఎవరైన ఈ సభలోనున్నచో ఈ వక్రరేఖను చూచి చిరునవ్వు నవ్వుచుందురు. 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అను ఇరువురు ఫొటోగ్రాఫిక్ పలకపై పడు వెలుగునకును, డెవలపైన పిమ్మట దానిపై నిలుచు నలుపునకును గల సంబంధమును ఇట్టి రేఖగానే గీసిరి. దాని అడుగును టో అనియు, శిరోభాగమును షోల్డరు అనియు, నడిమి నిటారు వాలును గామా అనియు లేబొరేటరీవారు పిలుతురు. అయితే ఫిల్ము రసాయనపు తొట్టిలోనుండి బయటికి వచ్చిన పిమ్మట దాని వాలు మారదు. మెదడులోని కణపు రేఖయు అట్లే స్థిరమైనదా, లేక చూచువాని సంకల్పమును బట్టి క్షణక్షణమును కదలునా?

3

కన్ను కదల్పక మనస్సును కదల్పవచ్చునని హెల్మ్‌హోల్ట్జ్ పందొమ్మిదవ శతాబ్దములోనే తనపై తానే పరీక్షించి చూపెను. చీకటిపెట్టెలో అక్షరముల పత్రమునుంచి, కంటిని నడిమి బిందువునందే నిలిపి, విద్యుత్తు మెరపుతో క్షణకాలము మాత్రము దానిని వెలిగించిన, ముందుగా మనస్సుపెట్టిన మూలనున్న అక్షరములను ఆయన చదువగలిగెను, తక్కినవి అంతుపట్టలేదు. మెరపు అంత స్వల్పకాలమున కన్ను జరుగుటకు వ్యవధి లేదు కదా!

మెదడులో ఇది ఎట్లు జరుగునో కణస్థాయిలో స్పష్టముగా చూపినది 1985 నాటి మోరాన్, డెసిమోన్ ప్రయోగము. కోతిని తెర ముందర కూర్చుండబెట్టి, నడిమి చుక్కనే చూచునట్లు శిక్షణ నిచ్చి, చూపు తప్పక సరియైన జవాబు చెప్పినపుడు పానీయము నిచ్చుచుండిరి. దృష్టిమార్గములో కొంత పైనున్న వి-4 అను ప్రాంతమునందలి ఒక కణము గ్రాహ్యక్షేత్రములో రెండు గీతలను ఒకేసారి చూపిరి: ఒకటి ఆ కణమునకు ప్రియమైన ఎరుపు గీత, రెండవది అప్రియమైన ఆకుపచ్చ గీత. కోతి ఎరుపుపై మనస్సుపెట్టినపుడు కణము గట్టిగా పలికెను. అదే తెర, అవే గీతలు, అదే స్థిరదృష్టి. మనస్సు ఆకుపచ్చపైకి మరలినంతనే, ఎరుపు గీత యథాస్థానమున నుండగనే, కణము అణగిపోయెను.

ఇచ్చటినుండి మన ప్రశ్నకు పోవుట ఒక్క అడుగు. 2000లో రేనాల్డ్స్, పాస్టర్నాక్, డెసిమోన్ ముగ్గురును వి-4 కణములకు వేర్వేరు కాంట్రాస్టుల గీతలను చూపుచు, అవధానము ఆ చోట నున్నపుడును వేరొక చోట నున్నపుడును రేఖను గీసిరి. అవధానము వచ్చినంతనే రేఖ ఎడమవైపునకు జరిగెను. అనగా తక్కువ కాంట్రాస్టుతోనే కణము మునుపటంత పలికెను. అంతకుముందు వినబడనంత అల్పమైన కాంట్రాస్టు కూడ వినబడెను. కాంట్రాస్టును సుమారు సగపాలు హెచ్చించిన ఎట్టి ఫలితము వచ్చునో, అవధానమువలన అట్టి ఫలితము వచ్చెనని వారు లెక్కగట్టిరి. 2002లో మార్టినెజ్-ట్రుహియో, ట్రూయె చలనమును పసిగట్టు ఎం.టి. అను వేరొక ప్రాంతములో కొలిచినపుడును రమారమి అదే సగపాలు తేలుట విశేషము.

మన కల్పితకణమునకు ఈ సగపాలును ఇచ్చి చూతము. 10 శాతపు గీత 15 శాతమైనట్లు ప్రవర్తించును: 12 స్పైకులు 22 కాగలవు, అనగా దాదాపు రెట్టింపు. 20 శాతమున 30 కాస్త 42 అగును. కాని 80 శాతమున? 56 పైచిలుకు 58 అగును, అంతే! మసకవస్తువునకు అవధానము మహోపకారి. మిరుమిట్లు గొలుపు వస్తువునకు దానితో పనియే లేదు. విద్యార్థులు దీనిని వ్రాసికొనవచ్చును: దర్శకుడు దీపముతో చేయు పనినే మెదడు సంకల్పముతో చేయుచున్నది.

4

ఇంతటితో కథ ముగిసినచో నేను కూర్చుండెడివాడను. కాని శాస్త్రములో సుఖాంతము అంత సులభముగా రాదు. 2006లో విల్లిఫర్డ్, మాన్సెల్ అదే వి-4లో కొలిచి, అవధానపు హెచ్చు అల్పకాంట్రాస్టునకే పరిమితము కాక, పైకప్పు తగిలినచోట కూడ కనబడుచున్నదనియు, రేఖ ప్రక్కకు జరుగుటకంటె మొత్తముగా పైకి సాగినట్లున్నదనియు ప్రకటించిరి. మొదటి పక్షమును కాంట్రాస్టు-గెయిను అనియు, రెండవదానిని రెస్పాన్సు-గెయిను అనియు పిలుచుట పరిపాటియైనది. మూడవ పక్షము కూడ కలదు. 1997లో లక్, చెలాజ్జి, హిల్‌యార్డ్, డెసిమోన్ బృందము, తెరపై ఏమియు లేనప్పుడును, అవధానము గ్రాహ్యక్షేత్రములో నిలిచినంతమాత్రమున వి-4 కణముల, వి-1కు వి-4కు నడుమనున్న వి-2 కణముల సహజస్పందన 30-40 శాతము హెచ్చుచున్నదని చూపెను. 2007లో బురాకస్, బాయింటన్ మనుష్యుల మెదడును స్కానరులో పరీక్షింపగా, కాంట్రాస్టుతో నిమిత్తము లేక అన్నిచోట్లను ఒకే పరిమాణము కూడినట్లు కనబడెను.

ఒకరు ప్రక్కకు జరుగునందురు, ఒకరు హెచ్చవేయబడునందురు, ఒకరు కూడబడునందురు. అందరును నిపుణులు; అందరి కొలతలును జాగ్రత్తగా చేసినవే. ఇట్టి సందర్భములలో ఎవరు పొరపడిరని అడుగుటకంటె, ఏ భేదమువలన భిన్నఫలితములు వచ్చినవని అడుగుట మేలు. ఒకరి ప్రయోగములో గీతల పటము చిన్నది, మరియొకరి దానిలో పెద్దది. ఒకచోట కోతి విశాలమైన ప్రదేశముపై మనస్సుపెట్టవలసి యుండెను, ఇంకొకచోట సూదిమొనంత తావుపై. పరిష్కారము అచ్చటనే దాగియున్నది.

5

ఆ పరిష్కారమునకు మూలము ఒక భాగహారము. 1992లో డేవిడ్ హీగర్, వి-1 కణపు రేఖ వాలిపోవుటకు కారణము ఆ కణపు అలసట కాదనియు, ప్రతి కణము పలుకును దాని చుట్టుప్రక్కల కణముల మొత్తపు పలుకు భాగించుచున్నదనియు ప్రతిపాదించెను. దీనినే నార్మలైజేషను అందురు. ప్రతి కణమునకును తన సొంత ప్రేరణ లవము; ఇరుగుపొరుగుల ప్రేరణల మొత్తమునకు ఒక చిన్న స్థిరాంకము కలిపినది హారము. కాంట్రాస్టు హెచ్చినకొలదియు లవమును హారమును కూడ హెచ్చును గనుక, ఫలితము ఒక హద్దునకు చేరి నిలుచును.

2009లో రేనాల్డ్స్, హీగర్ ఈ లెక్కలో అవధానమునకు చోటు చూపించిరి: అవధానము ప్రేరణలను హెచ్చవేయును, కాని భాగహారమునకు పూర్వము. ఈ ‘పూర్వము’ అను మాటలోనే రహస్యమంతయు కలదు. పటము చిన్నదై, అవధానము దానినంతటిని ఆవరించినదనుకొనుడు. లవమును హారమును కూడ అదే ప్రేరణనుండి వచ్చినవి గనుక రెండును హెచ్చవేయబడును. ఫలితము కాంట్రాస్టును హెచ్చించినట్లే యుండును: మసకలో లాభము, మిరుమిట్లలో శూన్యము. ఇక పటము పెద్దదై, అవధానము దానిలో చిన్న తావుపై నిలిచినదనుకొనుడు. లవము హెచ్చవేయబడినది, హారములో అధికభాగము అవధానము సోకని చోట్లనుండి వచ్చినది గనుక అంతగా హెచ్చలేదు. అప్పుడు పైకప్పు దగ్గర కూడ లాభము కనబడును. మొదటి రెండు పక్షములును ఒకే సూత్రమునకు రెండు సందర్భములని తేలినది. 2010లో హెర్మన్, కరాస్కో, హీగర్ ప్రభృతులు మనుష్యులపై పరీక్షించి, పటము, అవధానక్షేత్రము వీని పరిమాణములను మార్చి, ఈ రెండు ఫలితములను ఇష్టమువచ్చినట్లు రప్పింపగలిగిరి.

మోరాన్, డెసిమోన్‌ల ఎరుపు ఆకుపచ్చ గీతల చిక్కు కూడ దీనితో విడిపోవును. ఆకుపచ్చపై మనస్సుపెట్టినపుడు దాని వంతు హారములో హెచ్చినది. ఎరుపునకు లవము పెరుగలేదు, హారము మాత్రము బరువెక్కినది. అనగా ఒకదానికి లభించిన అవధానమును ప్రక్కనున్నది చెల్లించుచున్నది. 2012లో ఏమీ నీ, సుప్రతిమ్ రే, మాన్సెల్ చేసిన పరిశీలనలో, ఏ కణములో ఈ భాగహారము బలముగా నున్నదో ఆ కణములోనే అవధానపు ప్రభావము కూడ అధికముగా కనబడినది. రే గారు ఇప్పుడు మన పొరుగున బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో నున్నారు.

ఈ సభలో సాఫ్ట్‌వేరు మిత్రులు కొందరు, ‘అటెన్షను మాకు క్రొత్తది కాదు, నిత్యము దానితోనే మా కొలువు’ అని లోలోపల అనుకొనుచుందురు. నిజమే. 2017లో వెలువడి, నేటి భాషాయంత్రములలో పెక్కింటికి ఆధారమైన ట్రాన్స్‌ఫార్మరు నిర్మాణములో సాఫ్ట్‌మాక్సు అను మెట్టున్నది కదా; అచ్చటను ప్రతి పదపు బలమును అన్ని పదముల బలముల మొత్తముచే భాగింతురు; అన్ని వంతులును కలిసి ఒకటియే కావలెను. ఒకదాని వంతు పెంచి, ఎవ్వరి వంతును తగ్గింపకుండుట అచ్చటను అసాధ్యము. అయితే మెదడునకు ఈ పొదుపు గణితనియమము మాత్రమే కాదు, దేహధర్మము. శరీరపు బరువులో రమారమి 2 శాతమున్న మెదడు, విశ్రాంతిలో శరీరము వెచ్చించు శక్తిలో సుమారు 20 శాతమును తినివేయును. స్పైకు స్పైకునకును ఖర్చున్నది. అన్ని కణములను ఒక్కసారి గట్టిగా పలికించు స్తోమత దానికి లేదు.

6

కణములు ఎక్కువగా పలికిన మాత్రమున, చూచువానికి వస్తువు స్పష్టముగా కనబడునా? 2004లో మరీసా కరాస్కో, సామ్ లింగ్, సారా రీడ్ దీనిని నేర్పుగా అడిగిరి. నడిమి బిందువునకు ఇరువైపుల రెండు గీతల పటములను చూపి, ‘వీనిలో కాంట్రాస్టు హెచ్చుగానున్నది ఎటు వాలియున్నదో చెప్పుడు’ అనిరి. పటములకు ముందు ఒక ప్రక్క క్షణకాలము చిన్న చుక్కను మెరపించిరి. చుక్క మెరసిన ప్రక్కనున్న పటము, నిజమునకు తక్కువ కాంట్రాస్టు గలదైనను, రెండవదానితో సమానముగా తోచెను. 2008లో ష్నైడర్, కోమ్లోస్ దీనిని ఆక్షేపించుచు, కనబడుట మారలేదనియు, తీర్పు మాత్రమే చుక్కవైపు మొగ్గినదనియు వాదించిరి. ఈ వాదము పూర్తిగా చల్లారలేదు. నా మట్టుకు కణముల సాక్ష్యము కరాస్కో పక్షమున బలముగా నున్నదని తోచుచున్నది. అన్యథా తలచువారితో కలహింపను.

పలుకు హెచ్చుటతోపాటు మరియొక లాభము కూడ కలదు. ఒకే గీతను ఎన్నిమారులు చూపినను కణము ఒకే సంఖ్యలో పలుకదు, ఒడుదొడుకులుండును. వేయి కణముల సగటు తీసిన ఆ ఒడుదొడుకులు చెల్లిపోవలెను కదా అందురేమో. ప్రతి కణమును తన త్రోవన తాను తూలినచో చెల్లిపోవును, అన్నియు కలిసి ఒకే వైపునకు తూలినచో చెల్లవు. 2009లో కోహెన్, మాన్సెల్ ఒకచోటను, మిచెల్, సండ్‌బర్గ్, రేనాల్డ్స్ వేరొకచోటను, అవధానము ఈ కలిసి తూలుటను తగ్గించుచున్నదని కనుగొనిరి. చూపు పదునెక్కుటకు స్పైకులు హెచ్చుటకంటె ఇదియే ముఖ్యకారణమని కోహెన్, మాన్సెల్ తీర్మానము.

అవధానమును ఒక చోటికి మరల్చు ఆజ్ఞ ఎచ్చటినుండి వచ్చునన్న ప్రశ్నకు 2003 నాటి మూర్, ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రయోగము దారి చూపినది: కన్నులను కదలించు లలాటప్రాంతపు కణసముదాయమును, కన్ను కదలనంత స్వల్పవిద్యుత్తుతో తాకగా, దానికి సరిపడు చోటనున్న వి-4 కణములు అవధానము వచ్చినట్లే గట్టిగా పలికినవి. చూపును త్రిప్పు యంత్రాంగమే మనస్సును కూడ త్రిప్పుచున్నదన్నమాట. ఈ సభకు కూతవేటు దూరమున, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమునందు, నాడీ-జ్ఞానశాస్త్ర కేంద్రములో కంటికదలికలను అవధానముతో జతపరచి చేయుచున్న అధ్యయనములు ఈ పరంపరకు చెందినవే.

7

ఇప్పుడు రాయదుర్గము రోడ్డు దాటుచున్న మన నల్లచొక్కా మనుష్యునియొద్దకు పోదము. అచ్చట పోయినదెంత, అవధానము తిరిగి ఇచ్చునదెంత యని తూచుటకు ఒక కొలబద్ద కావలెను; నేత్రవైద్యులు వాడు పెల్లి-రాబ్సన్ చార్టును మీలో కొందరు చూచియుందురు. 1988లో వెలువడిన ఆ చార్టుపై అక్షరములన్నియు ఒకే పరిమాణము గలవి. క్రిందికి పోవుకొలది చిన్నవి కావు, వెలిసిపోవును. మూడక్షరములు ఒక జట్టు. ఒక జట్టునుండి మరియొక జట్టునకు కాంట్రాస్టు సుమారు 0.7 వంతునకు తగ్గును, రెండు జట్లు దాటునప్పటికి సగమగును. కోతి మెదడులో కొలిచిన అవధానపు సగపాలు హెచ్చును ఈ చార్టు మెట్లలో చెప్పవలెనన్న, అది ఒక మెట్టును కొంచెము మించును. అంతే. మనస్సును ఎంత నిలిపినను లభించునది రమారమి ఒక మెట్టు.

హైబీము మనలను ఎన్ని మెట్లు దింపినది? 50 శాతమునుండి 17 శాతమునకు, అనగా మూడింట రెండువంతుల నష్టము: మూడు మెట్లను మించినది. మన కల్పితకణము భాషలో, మునుపు 52 స్పైకులతో ‘మనిషి!’ యని పలికిన కణము ఇప్పుడు 25తో గొణుగుచున్నది. మనమే డ్రైవరులమై మనస్సునంతటిని ఆ చోటనే నిలిపినను 37 దాటదు. పోయినది ఇరువదియేడు, తిరిగి వచ్చినది పండ్రెండు. అదియు మనస్సు అచ్చటనే నిలిచినపుడు. ప్రక్కనే ఒక ఎల్ఈడీ హోర్డింగు క్షణక్షణమును రంగులు మార్చుచు హారములో తన వంతును పెంచుకొనుచున్నచో, ఆ పండ్రెండులో ఎన్ని మిగులునో మీరే ఊహింపుడు. అవధానము ఆ హోర్డింగుపైకి జరిగిన క్షణమున, చొక్కా మనిషి కేవలము అలక్షితుడు కాడు, భాగహారమువలన అణగద్రొక్కబడును.

ఈ ఐటీ కారిడారులో ఇట్టి సమస్యలను వృత్తిగా పెట్టుకొన్నవారు ఎందరో కలరు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇంటెల్ సహకారముతో 2018లో వెలువరించిన భారతీయ డ్రైవింగు చిత్రసంచయములో హైదరాబాదు బెంగుళూరు రోడ్లపై 182 ప్రయాణములలో తీసిన 10,004 చిత్రములను, అందలి వస్తువులను 34 తరగతులుగా గుర్తించి పెట్టిరి. లేను గీతలు చెరిగినచోట్లు, రోడ్డు ఎచ్చట ముగిసి మట్టి ఎచ్చట మొదలగునో తెలియని అంచులు అందులోనివే. యంత్రమునకు దృష్టి నేర్పువారు ఈ అంచుల దగ్గర పడు కష్టము, మసకసంధ్యలో మన వి-1 కణములు పడు కష్టమునకు దూరపు చుట్టము కాదు.

తెరలను తీర్చిదిద్దు డిజైనరులకు కూడ ఒక మాట. వెబ్ పుటలలో చదువదగిన అక్షరమునకు వెనుకనున్న రంగుతో 4.5కు ఒకటి చొప్పున వెలుగు నిష్పత్తి ఉండవలెనని మీ ప్రమాణము. మైకెల్సన్ లెక్కకు మార్చిన అది రమారమి 64 శాతము. మన రేఖపై ఆ చోట పైకప్పుకు సమీపముననే కలదు. అనగా, చదువరి అవధానపు సహాయము నర్థింపకయే చదువగల చోటున అక్షరము నిలువవలెనని ఆ నియమపు ఫలితార్థము. సొగసుకొఱకు తెల్లనిదానిపై బూడిదరంగు అక్షరములు పేర్చువారు చదువరి జేబులోనుండి ఒక మెట్టును అడుగకుండ తీసికొనుచున్నారు. వయసు మీరిన చదువరికి ఆ మెట్టు ఇచ్చుకొను స్తోమత లేకపోవచ్చును.

ప్రమాదము జరిగిన ప్రతిచోటను ‘డ్రైవరు అజాగ్రత్త’ యని వ్రాసి కాగితమును మూసివేయుట మనకు అలవాటైనది. అజాగ్రత్త లేదని నేననను. కాని అవధానము ఎచ్చట ఎంత సహాయము చేయగలదో లెక్క తెలిసిన పిమ్మట, ఆ మాటతో తృప్తిపడుటకు మనకు హక్కు లేదు. అవధానము ముఖ్యముగా హెచ్చవేత. సున్నాను ఎంత హెచ్చవేసినను సున్నాయే. తెరపై ఏమియు లేనప్పుడు కణములను కొంచెముగా మేల్కొలుపు ఆ మూడవ విధపు కూడికయు, మనిషి యున్నపుడును లేనపుడును సమానమే గనుక, వానిని గూర్చి ఏ వార్తయు చెప్పదు. కాబట్టి వెలుగునీడల భేదమును కల్పించుట ఇంజనీరు పని: చెరిగిన గీతను మరల వేయుట, వీధిదీపమునకు ముసుగు తొడిగి కంటిలో పడనీయకుండుట, మలుపుల దగ్గర హోర్డింగును తొలగించుట, ద్విచక్రవాహనమునకు వెనుక ప్రతిఫలించు పట్టీ నతికించుట. శుక్లమును సకాలమున తీయుట వైద్యుని పని. ఆ రెండును జరిగిన పిమ్మట మిగిలిన ఒక్క మెట్టును ఎక్కుమని పౌరుని అడుగుడు. అప్పుడు ఎక్కనిచో అది వాని తప్పు. ముందు ఆ మూడు మెట్లను మనము కట్టియిచ్చితిమా యని ప్రశ్నించుకొనుట, చూపుకొఱకు తన భూమిని ధనమును ఇచ్చిన మహనీయుని పేర చేరిన మన సభకు విహితమైన కర్తవ్యము.